పదార్థం ఎలా మిగిలింది? ఐదారు వివరణల్లో ఏది ఎవరికి సరిపోతుంది

బిగ్ బ్యాంగ్ తర్వాత పదార్థమూ, దానికి ఎదురు ఆవేశాల కణాలతో ఉండే ప్రతిపదార్థమూ దాదాపు సమానంగా ఉండి, ఒకదాన్నొకటి తుడిచిపెట్టుకున్నాయని, కాస్త పదార్థం మాత్రం మిగిలిందని, నక్షత్రాలూ మనమూ అంతా ఆ మిగులేనని చాలామందికి తెలుసు. ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చిందనే దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ ఒక్కటిగా ఉండదు. వివరణలు ఐదారు ఉన్నాయి. ఒక్కో ఉపన్యాసంలో ఒక్కోటి వినిపిస్తుంది, ప్రతిదీ ఇదే జవాబు అన్నంత ధీమాగా వినిపిస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో సెమినార్ టాపిక్ తేల్చుకోవాల్సినవాళ్లకీ, పీహెచ్‌డీకి దిశ వెతుక్కునేవాళ్లకీ, సైన్స్ మీద ఇష్టంతో చదివేవాళ్లకీ ఇది నిజమైన ఇబ్బందే. ఈ పోలిక వాళ్ల కోసం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నిజమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్నది లెప్టోజెనెసిస్ (మిగులు అతి బరువైన న్యూట్రినోలనే కణాల క్షయం నుంచి వచ్చిందనే వివరణ) అని నా నమ్మకం. ప్రయోగాలతో త్వరగా అటో ఇటో తేలిపోయేది మాత్రం ఎలక్ట్రోవీక్ బేరియోజెనెసిస్ (కణాలకు ద్రవ్యరాశి ఇచ్చే హిగ్స్ క్షేత్రం మేలుకున్నప్పుడు మిగులు పుట్టిందనే వివరణ). ఏది నిజం కావచ్చు, దేన్ని పరీక్షించగలం అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఏ ప్రశ్న ముఖ్యమో తేల్చుకోకుండా టాపిక్ ఎంచుకుంటే మధ్యలో నిరుత్సాహం తప్పదు.

ముందు లెక్క ఏమిటో చూడాలి

బిగ్ బ్యాంగ్ తర్వాత సెకనులో లక్షో వంతు గడిచేసరికి, క్వార్కులు కలిసి ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఏర్పడేంతగా విశ్వం చల్లబడింది. వాటి ప్రతికణాలు కూడా అలాగే ఏర్పడ్డాయి. ఉష్ణోగ్రత బాగా ఎక్కువగా ఉన్నంతకాలం శక్తి నుంచి కణం-ప్రతికణం జంటలు పుట్టడం, ఆ జంటలు కలిసి నశించడం రెండూ సమానంగా నడుస్తాయి. ఉష్ణోగ్రత తగ్గాక కొత్త జంటలు పుట్టడానికి శక్తి చాలదు, నశించడం మాత్రం ఆగదు. అలా సెకను నిండకముందే యాంటీప్రోటాన్లు దాదాపుగా అంతరించాయి.

ఎలక్ట్రాన్ల ప్రతికణాలైన పాజిట్రాన్ల వంతు తర్వాత వచ్చింది. ఎలక్ట్రాన్ బరువు ప్రోటాన్ బరువులో 1836వ వంతే కాబట్టి, ఆ జంటలు పుట్టడం ఆగాలంటే ఉష్ణోగ్రత 500 కోట్ల డిగ్రీల దగ్గరికి దిగాలి. అది జరిగేసరికి కొన్ని సెకన్లు గడిచాయి. అప్పటికే, దేనితోనూ సులభంగా కలవని తేలికపాటి కణాలైన న్యూట్రినోలు మిగతా కణాలతో తెగతెంపులు చేసుకున్నాయి. అందువల్ల ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు నశించినప్పుడు వెలువడిన శక్తి దాదాపు అంతా ఫోటాన్లకే చేరింది. ఈరోజు విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ కాంతి 2.725 కెల్విన్ దగ్గర ఉంటే, ఆనాటి న్యూట్రినోలు లెక్క ప్రకారం 1.95 కెల్విన్ దగ్గర ఉండాలి. ఈ అంశంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే. బీఎస్సీ స్థాయి థర్మోడైనమిక్స్ వస్తే చాలు, ఎంట్రోపీ మారదన్న ఒక్క సూత్రంతో ఆ తేడాను కాగితం మీద రాబట్టవచ్చు.

ఇక మిగులు సంగతి. ప్రతి ఘన సెంటీమీటరులో ఆ కాలపు ఫోటాన్లు 411 ఉన్నాయి. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి చూస్తే సగటున నాలుగు ఘన మీటర్లకు ఒకటి. అంటే 1000 కోట్ల ఫోటాన్లకు 6 బేరియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్ల లాంటి కణాలు), 6×10⁻¹⁰. ఈ సంఖ్య రెండు దారుల్లో వస్తుంది. మొదటి కొన్ని నిమిషాల్లో తయారైన డ్యుటీరియం పరిమాణం ఒక దారి. 3 లక్షల 80 వేల ఏళ్ల తర్వాత బయలుదేరిన మైక్రోవేవ్ కాంతిలోని హెచ్చుతగ్గులు రెండో దారి, వీటిని ప్లాంక్ ఉపగ్రహం చాలా కచ్చితంగా కొలిచింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని కాలాల నుంచి వచ్చిన ఈ రెండు లెక్కలూ ఒకే చోట కలుస్తాయి. అందుకే దీన్ని ధైర్యంగా నమ్మవచ్చు.

పదార్థం, ప్రతిపదార్థం సరిగ్గా సమానంగా ఉండి ఉంటే? అప్పుడూ కొంచెం మిగిలేది. విశ్వం వ్యాకోచిస్తున్నప్పుడు కణాలు ఒకదానికొకటి దొరక్కుండా పోయే దశ ఒకటి వస్తుంది. కానీ ఆ మిగులు ఫోటాన్‌కు దాదాపు 10⁻¹⁸ మాత్రమే. ఇప్పుడున్నదానిలో 100 కోట్లలో ఒక వంతు, అందులోనూ సగం ప్రతిపదార్థం. కాబట్టి ఈ నశింపు (హననం) మొదలవడానికి ముందే, 100 కోట్ల ప్రతికణాలకు 100 కోట్ల ఒక్క కణం అన్నట్టుగా చిన్న తేడా ఉండి తీరాలి. అన్ని వివరణలూ ఆ ఒక్కటి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికే.

దేనితో తూకం వేయాలి

1967లో ఆంద్రే సఖారోవ్ మూడు షరతులు చెప్పాడు. బేరియాన్ సంఖ్యను మార్చే చర్య ఏదో ఒకటి ప్రకృతిలో ఉండాలి. కణాల పట్ల, ప్రతికణాల పట్ల ప్రకృతి నియమాలు కాస్త వేరుగా నడవాలి, దీన్నే సీ, సీపీ ఉల్లంఘన అంటారు. ఇదంతా ఉష్ణ సమతాస్థితి చెదిరిన సమయంలో జరగాలి, లేకపోతే ముందుకు జరిగినంత వెనక్కూ జరిగి తేడా మిగలదు.

ఈ మూడూ ప్రవేశ పరీక్ష లాంటివి. వాటి పైన నేను ఇంకో మూడు చూస్తాను. 6×10⁻¹⁰ అనే సంఖ్య మరీ బలవంతం చేయకుండా వస్తోందా? కొత్త కణాలను ఎన్నిటిని ఊహించుకోవాల్సి వస్తోంది? తప్పయితే తప్పని తేల్చే ప్రయోగం ఉందా? మూడోదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇంకో చిక్కు కూడా గుర్తుంచుకోవాలి. కణాల గురించి ఇప్పుడున్న ప్రామాణిక సిద్ధాంతం స్టాండర్డ్ మోడల్‌లోనే స్ఫాలెరాన్ అనే చర్య ఉంది. ఉష్ణోగ్రత దాదాపు 130 జీఈవీ (ఒక జీఈవీ దాదాపు ఒక ప్రోటాన్ బరువుకు సమానమైన శక్తి) కన్నా ఎక్కువ ఉన్నప్పుడు అది బేరియాన్లనూ లెప్టాన్లనూ (ఎలక్ట్రాన్లు, న్యూట్రినోల లాంటివి) కలిపి మారుస్తుంది, వాటి తేడాను మాత్రం ముట్టుకోదు. కాబట్టి అంతకుముందు ఎవరు ఎంత పదార్థం తయారుచేసినా, బేరియాన్ల నుంచి లెప్టాన్లను తీసేస్తే సున్నా వచ్చేలా ఉంటే, స్ఫాలెరాన్లు ఆ మిగులునంతా తుడిచేస్తాయి. సెమినార్లలో ఎక్కువమంది వదిలేసే విషయం ఇది. పోటీలోంచి పెద్దపెద్దవాటిని తప్పించింది కూడా ఇదే.

వెంటనే పక్కన పెట్టదగ్గవి

మొదటి నుంచే పదార్థం ఎక్కువగా ఉందని అనుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇన్‌ఫ్లేషన్ దశ, అంటే మొదటి క్షణంలోని అతివేగ వ్యాకోచం, జరిగిందని ఒప్పుకుంటే సరిపోదు. ఆ వ్యాకోచంలో ముందున్న ఏ మిగులైనా లెక్కకు అందనంత పలచబడుతుంది. పలచబడ్డాక కూడా ఇప్పటి సంఖ్య రావాలంటే మొదట ఎంత పదార్థం ఉండాలంటే, దాని సాంద్రతే ఇన్‌ఫ్లేషన్‌ను జరగనివ్వదు.

ప్రతిపదార్థం నశించలేదు, వేరే చోట గెలాక్సీలుగా ఉంది అన్నది రెండోది. 1960ల్లో ఆస్కార్ క్లైన్, హానెస్ ఆల్ఫ్‌వేన్ దీన్ని గట్టిగా సమర్థించారు. వినడానికి అందంగా ఉంటుంది. కానీ రెండు ప్రాంతాలూ కలిసే సరిహద్దులో హననం జరిగి గామా కిరణాలు వెలువడాలి. 1998లో కోహెన్, డి రుహులా, గ్లాషో లెక్క వేసి, అలాంటి ప్రాంతాలు ఉంటే ఒక్కోటి మనకు కనిపించే విశ్వమంత పెద్దదై ఉండాలని చూపించారు. 2011 నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మీద ఏఎంఎస్-02 పరికరం యాంటీహీలియం కోసం వెతుకుతోంది. ఖాయమైన ప్రకటన ఇప్పటిదాకా రాలేదు. ప్రతిపదార్థం గురుత్వాకర్షణకు ఎదురు తిరిగి దూరంగా వెళ్లిపోయిందేమో అన్న ఊహ కూడా ఒకటుండేది. 2023లో జెనీవా దగ్గరి కణ పరిశోధన కేంద్రం సెర్న్‌లోని ఆల్ఫా ప్రయోగం యాంటీహైడ్రోజన్ మామూలుగా కిందికే పడుతుందని చూపించింది. బడిపిల్లలకు ప్రసంగం చేయాలంటే ఇది చాలా మంచి టాపిక్. పరిశోధనకు తీసుకోవద్దు.

మహా ఏకీకరణ: ఒకప్పటి అభిమాన జవాబు

1970ల చివర్లో బలమైన, బలహీన, విద్యుదయస్కాంత బలాలన్నీ ఒకటేనన్న సిద్ధాంతాలు వచ్చినప్పుడు ఈ ప్రశ్నకు జవాబు దొరికిందనే అనుకున్నారు. అందులోని అతి బరువైన కణాలు క్షీణిస్తూ పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి. అదే నిజమైతే ప్రోటాన్ కూడా ఎప్పటికో ఒకప్పటికి క్షీణించాలి. దాన్ని పట్టుకోవడానికి ముందుగా దిగినవాళ్లలో మనవాళ్లున్నారు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోని కోలార్ బంగారు గనుల్లో, భూమికి 2 కిలోమీటర్లకు పైగా లోతులో, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్‌ వాళ్లతో కలిసి 1980 నుంచి ప్రోటాన్ క్షయం కోసం ప్రయోగం నడిపారు. అదే గనిలో 1965లో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినోలను ప్రపంచంలో మొదటిగా గుర్తించిన ప్రయోగాల్లో ఒకటి జరిగింది. ఇక్కడి డిగ్రీ పాఠాల్లో ఈ గని పేరు వినిపించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రోటాన్ మాత్రం క్షీణిస్తూ దొరకలేదు. జపాన్‌లోని సూపర్-కామియోకాండే ప్రయోగం, ప్రోటాన్ పాజిట్రాన్, పయాన్ అనే కణాలుగా విడిపోయే దారికి 2.4×10³⁴ ఏళ్లకు పైగా ఆయుష్షు ఉండాలని తేల్చింది. దానికి మించి, ఈ కుటుంబంలో అన్నిటికన్నా సరళమైన మోడల్ తయారుచేసే మిగులును స్ఫాలెరాన్లు తుడిచేస్తాయి. చరిత్ర కోసం చదవండి, ఎందుకంటే తర్వాత వచ్చిన రెండు వివరణలూ దీని లోపాల్లోంచే పుట్టాయి.

ఎలక్ట్రోవీక్ బేరియోజెనెసిస్

1985లో కుజ్మిన్, రుబకోవ్, షపోష్నికోవ్ ప్రశ్నను తిరగేశారు. స్ఫాలెరాన్లు తుడిచేయగలిగితే, తయారు కూడా చేయగలవు కదా? బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 10⁻¹¹ సెకన్లకు, 160 జీఈవీ దగ్గర, హిగ్స్ క్షేత్రం మేలుకుని కణాలకు ద్రవ్యరాశి ఇచ్చింది. ఆ మార్పు ఒక్కసారిగా, నీళ్లు మరిగేటప్పుడు బుడగలు లేచినట్టు జరిగి ఉంటే, బుడగల గోడల దగ్గర సమతాస్థితి చెదురుతుంది. గోడను తాకిన కణాలు, ప్రతికణాలు కాస్త వేర్వేరుగా వెనక్కి తిరుగుతాయి. బయట ఉన్న స్ఫాలెరాన్లు ఆ తేడాను బేరియాన్లుగా మారుస్తాయి. పెరుగుతున్న బుడగ వాటిని లోపలికి తీసుకుంటుంది, లోపల స్ఫాలెరాన్లు పనిచేయవు కాబట్టి మిగులు భద్రంగా ఉంటుంది. మూడు షరతులూ ఒకే సంఘటనలో తీరిపోతాయి. భౌతికశాస్త్రంలో ఇంత పొందికైన ఊహలు చాలా తక్కువ.

కానీ స్టాండర్డ్ మోడల్‌లో రెండు చోట్ల ఇది ఆగిపోతుంది. బుడగలు రావాలంటే హిగ్స్ బరువు దాదాపు 70 జీఈవీ లోపు ఉండాలి. 2012లో దొరికిన హిగ్స్ 125 జీఈవీ. అంటే మార్పు నెమ్మదిగా, బుడగలు లేకుండా జరిగిపోయింది. రెండోది, సీపీ ఉల్లంఘన చాలదు. 1964లో క్రోనిన్, ఫిచ్ కేయాన్లనే కణాల క్షయంలో వెయ్యికి రెండు చొప్పున దాన్ని చూశారు. కొబయాషి, మస్కావా 1973లో దానికి కారణం చెప్పారు. 2001లో బీ మెసాన్లలో, 2019లో చార్మ్ క్వార్క్ కణాల్లో, 2025లో ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగంలో మొదటిసారిగా బేరియాన్ల క్షయంలో కూడా అది కనిపించింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ విశ్వ రహస్యం వీడిందని శీర్షికలు పెడతారు. అలా అనుకోవద్దు. ఇవన్నీ స్టాండర్డ్ మోడల్ లెక్కల్లోకే సరిపోతున్నాయి, ఆ లెక్కలు ఇచ్చే మిగులు మనకు కావలసినదానికి వందల కోట్ల రెట్లు తక్కువ.

అందుకే ఇంకో హిగ్స్‌నో, హిగ్స్‌తో కలిసే ఇంకో కణాన్నో చేర్చాలి. అవి మరీ బరువైనవి కాకూడదు, వందల జీఈవీల పరిధిలోనే ఉండాలి. ఈ పరిమితే ఈ వివరణకు బలం. సెర్న్‌లోని కణాలను ఢీకొట్టే యంత్రం ఎల్‌హెచ్‌సీలో కనిపించాలి. హిగ్స్ తనతో తాను జరిపే చర్యలో మార్పుగా తేలాలి. ఎలక్ట్రాన్‌లో అతి చిన్న విద్యుత్ ద్విధ్రువంగా (ఆవేశం ఒకవైపు కాస్త ఒరిగి ఉండటంగా) బయటపడాలి. అమెరికాలోని బౌల్డర్‌లో 2023లో చేసిన ప్రయోగం ఆ ద్విధ్రువం 4.1×10⁻³⁰ ఎలక్ట్రాన్ ఆవేశం-సెంటీమీటర్ కన్నా తక్కువేనని చెప్పి, చాలా మోడళ్లను ఒక్క దెబ్బతో ఇరుకున పెట్టింది. బల్ల మీద పట్టేంత పరికరం సొరంగాల్లోని యంత్రాలతో సమానంగా ఈ ప్రశ్నను నిలదీయగలగడం చూస్తే నాకు ఎప్పుడూ ఉత్సాహమే. బుడగలు నిజంగా ఢీకొని ఉంటే గురుత్వ తరంగాలు కూడా పుట్టి ఉంటాయి. 2035 ప్రాంతంలో ఎగరాల్సిన యూరప్ వాళ్ల లీసా, ఒకదానికొకటి 25 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంచిన మూడు అంతరిక్ష నౌకలతో, సరిగ్గా ఆ తరంగాల పౌనఃపున్యాన్నే వింటుంది.

లెప్టోజెనెసిస్

దీన్ని 1986లో ఫుకుగిటా, యానగిడా ప్రతిపాదించారు. పన్నెండేళ్ల తర్వాత, 1998లో, సూపర్-కామియోకాండే న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని చూపించాక దీని స్థాయి మారిపోయింది. న్యూట్రినోలు ఎందుకంత తేలిక అన్నదానికి చక్కని జవాబు సీ-సా (తూగుడు బల్ల) పద్ధతి. ప్రతి తేలికపాటి న్యూట్రినో వెనక ఒక అతి బరువైన జోడీ ఉంటుంది, అది ఎంత బరువైతే ఇది అంత తేలిక. ఆ బరువైన న్యూట్రినో తనకు తానే ప్రతికణం కాబట్టి లెప్టాన్లుగానూ క్షీణించగలదు, యాంటీలెప్టాన్లుగానూ క్షీణించగలదు. రెండిటి మధ్య చిన్న తేడా ఉంటే లెప్టాన్లలో అసమానత పుడుతుంది. దాంట్లో మూడో వంతుకు పైగా స్ఫాలెరాన్లు బేరియాన్ల వైపు మళ్లిస్తాయి. మహా ఏకీకరణను దెబ్బతీసిన చర్యే ఇక్కడ పని చేసిపెడుతుంది.

నేను దీనివైపు మొగ్గడానికి కారణం ఇదీ: దీనికి కావలసిన కొత్త కణాలను పదార్థం మిగలడం కోసం ప్రత్యేకంగా కల్పించలేదు. న్యూట్రినోల కోసం ఎలాగూ కావాలి. పైగా ప్రయోగాలు చూపే న్యూట్రినో ద్రవ్యరాశులు, 0.05 ఎలక్ట్రాన్ వోల్ట్ చుట్టుపక్కల, అసమానత పుట్టి నిలవడానికి అనువైన పరిధిలోనే పడ్డాయి. వేరే దేశంలో వేరే పని మీద కొలిచిన సంఖ్య ఇక్కడ అమరింది.

లోపం కూడా పెద్దదే. మామూలు రూపంలో ఆ బరువైన న్యూట్రినో కనీసం 10⁹ జీఈవీ ఉండాలి. ఎల్‌హెచ్‌సీ శక్తి 13,600 జీఈవీ. దాదాపు 70 వేల రెట్ల దూరం, అంత యంత్రాన్ని ఎవరూ కట్టలేరు. కాబట్టి పరోక్ష సాక్ష్యాలే దిక్కు. న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం (కేంద్రకంలో ఒకేసారి రెండు బీటా క్షయాలు జరిగినా న్యూట్రినోలు వెలువడకపోవడం) కనిపిస్తే న్యూట్రినో తనకు తానే ప్రతికణమని తేలుతుంది. కామ్‌ల్యాండ్-జెన్ ప్రయోగం జెనాన్-136లో దాని అర్ధాయువు 3.8×10²⁶ ఏళ్ల కన్నా ఎక్కువేనని చెప్పింది, వెతుకులాట సాగుతోంది. జపాన్‌లోని టీ2కే, అమెరికాలోని నోవా న్యూట్రినోల్లో సీపీ ఉల్లంఘన కోసం చూస్తున్నాయి. తర్వాత హైపర్-కామియోకాండే, 1300 కిలోమీటర్ల దూరం న్యూట్రినోలను పంపే డ్యూన్ వస్తాయి. అయితే ఒక హెచ్చరిక. అక్కడ సీపీ ఉల్లంఘన కనిపించినా లెప్టోజెనెసిస్ రుజువైనట్టు కాదు. ఆ పాత బరువైన కణాల సీపీ దశలు వేరు, ఇప్పుడు కొలిచేది వేరు. కొన్ని మోడళ్లలోనే రెండూ ముడిపడతాయి.

తక్కువ బరువున్న రకాలు కూడా ఉన్నాయి. కొన్ని జీఈవీల బరువున్న న్యూట్రినోలతో నడిచే మోడళ్లను, 2024లో సెర్న్ ఆమోదించిన షిప్ ప్రయోగం నేరుగా వెతకగలదు. లెప్టోజెనెసిస్ కావాలి, ప్రయోగమూ అందుబాటులో ఉండాలి అనుకునేవాళ్లు ఈ మూల చూడాలి.

1985 నాటి అఫ్లెక్-డైన్ పద్ధతి కూడా ఒకటుంది. ప్రతి కణానికీ ఒక జోడీ కణం ఉందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతంలోని క్షేత్రాలు ఊగిసలాడుతూ బేరియాన్లను కూడబెట్టడం దాని సారం. కావలసినంత కంటే ఎక్కువ మిగులే ఇవ్వగలదు. కానీ సూపర్‌సిమెట్రీ జాడ ఎల్‌హెచ్‌సీలో దొరకలేదు, ఈ పద్ధతిని తప్పని తేల్చడం చాలా కష్టం. సిద్ధాంతం మీద గట్టి పట్టు, అదే పని చేస్తున్న గైడ్ రెండూ ఉంటే తప్ప నేను సిఫారసు చేయను.

ఎవరికి ఏది

బీఎస్సీ వాళ్లు ఏ వివరణా ఎంచుకోనక్కర్లేదు. పైన చెప్పిన న్యూట్రినో ఉష్ణోగ్రత లెక్క చేయండి, సెమినార్‌కు అది చాలు.

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నా సలహా లెప్టోజెనెసిస్. దానికి కారణం నా మొగ్గు కాదు, పని పరిమాణం. రెండు బోల్ట్జ్‌మాన్ సమీకరణాలను పైథాన్‌లో కలిపి పరిష్కరిస్తే, ఒక సెమిస్టర్‌లో బరువైన న్యూట్రినోల సంఖ్య, అసమానత ఉష్ణోగ్రతతో పాటు ఎలా మారతాయో గ్రాఫ్ గీయగలరు. దానికి ముందు, అసమానత సున్నా అనుకుని ప్రోటాన్-యాంటీప్రోటాన్ హననాన్ని అదే ప్రోగ్రాంలో నడపండి. 10⁻¹⁸ దగ్గర ఆగితే మీ కోడ్ సరిగ్గా ఉన్నట్టు. ఎలక్ట్రోవీక్ దారికి ఉష్ణ క్షేత్ర సిద్ధాంతం కావాలి, అది లేకుండా మొదలుపెడితే సమీకరణాలు ఎక్కించుకోవడంలోనే ఏడాది పోతుంది, టెన్షన్ మిగులుతుంది.

పీహెచ్‌డీ అయితే తూకం మారుతుంది. కొలైడర్లూ, గురుత్వ తరంగాలూ, కచ్చితమైన కొలతలూ మూడూ ఒకే ప్రశ్న మీదికి వచ్చే ఎలక్ట్రోవీక్ బేరియోజెనెసిస్‌లో రాబోయే పదిహేనేళ్లు పని ఉంటుంది. మోడల్ తప్పని తేలినా అది ఫలితమే. ప్రయోగాల వైపు ఇష్టముంటే దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఐఐటీ హైదరాబాద్ నోవా, డ్యూన్ ప్రయోగాల్లో భాగస్వాములు. ఐఐటీ హైదరాబాద్ బీ మెసాన్లను కొలిచే బెల్-2లో కూడా ఉంది. డేటా విశ్లేషణ నేర్చుకునేవాళ్లకు ఆ అలవాటు ఫిజిక్స్ బయట ఉద్యోగాల్లోనూ పనికొస్తుంది, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి అదీ ఒక మాటే.

నా మొగ్గు ఎప్పుడు మారుతుందో కూడా చెప్పాలి. ఎలక్ట్రాన్ ద్విధ్రువం సున్నా కాదని తేలితే ఆ రోజే ఎలక్ట్రోవీక్ వైపు మారతాను. లీసాకు ఆ పౌనఃపున్యంలో తరంగాలు వినిపించి, అదే సమయానికి హిగ్స్ స్వీయచర్యలో తేడా కనిపిస్తే ఇక సందేహం ఉండదు. న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం ముందు దొరికితే మాత్రం, ఇప్పుడున్న చోటే ఇంకా గట్టిగా నిలబడతాను.